వానాకాలపు కప్పు మీద చివరి పేరు

పోయిన ఎండాకాలంలో బొంబాయిలోని ఒక వేలంపాటల కంపెనీ నుంచి ఒక అబ్బాయి అశోక్ నగర్‌లోని మా ఫ్లాట్‌కు వచ్చాడు. తెలుగు పిల్లవాడే. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డారట. మా బాపు దాచిన గోల్ఫ్ కప్పుల సంగతి ఎవరి ద్వారానో విని, ముందుగా ఫోన్ చేసి, చెప్పిన వేళకు వచ్చాడు. మా బిల్డింగులో కింది అంతస్తులన్నీ హాస్టలే. సర్కారు పరీక్షలకు చదివే పిల్లలు మెట్ల మీద పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు, వాళ్లను తప్పుకుంటూ పైకెక్కాడు. డైనింగ్ టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి, చేతులకు గ్లౌజులు తొడుక్కుని, ఒక్కొక్క కప్పునూ ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. పాత కంటోన్మెంట్ పోటీలవి, రైల్వే క్లబ్బులవి, గనుల కంపెనీల దొరలు ఆడుకున్నవి, ఆ క్లబ్బులు చాలావరకు ఇప్పుడు లేవు, అందుకే ఇలాంటివి అరుదు అని చెప్పాడు. అంతా చూశాక చాలా మర్యాదగా, "ఆంటీ, ఇవి మీ ఇంటికి ఎలా వచ్చాయో చెప్పగలరా? కొన్నట్టు కాగితాలేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. అతని తప్పేమీ లేదు, వాళ్ల వ్యాపారంలో అందరినీ అడిగే మాటే. కానీ నేను మంచినీళ్లు తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్లాను. కొన్ని అతనికిచ్చాను, కొన్ని ఉంచుకున్నాను, ఆ సంగతి అంతటితో ముగిసింది. ముగియనిది ఆ ప్రశ్న. చిక్కడపల్లిలో మా ఇంట్లో నిలబడి ఒక ఇన్‌స్పెక్టర్ మా బాపును అదే మాట అడిగిన రోజు నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను.

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక సందులో, పెద్ద ఇంట్లో ఒక పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. తెల్లవారితే కొత్తిమీర వాసన, తడిసిన గోనెసంచుల వాసన కిటికీలోంచి లోపలికి వచ్చేవి. అమ్మ బొగ్గుల కుంపటి వాకిట్లో పెట్టి విసనకర్రతో విసురుతుంటే పొగ కాసేపు ఇంట్లోకీ కాసేపు ఇంటివాళ్ల వైపుకీ పోయేది, పొగ ఎటు పోతే అటు నుంచి ఒక దగ్గు వినిపించేది. మా బాపు విఠల్ రావు ట్రెజరీలో గుమాస్తా. సన్నటి మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, ప్యాంటు కాలికి సైకిల్ క్లిప్పు, జేబులో మడిచిన చేతిరుమాలు. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడినవాడు కాదు. ఆయనకు సిగరెట్టు లేదు, పాన్ లేదు, పేకాట లేదు. ఉన్న అలవాటు ఒక్కటే, గురువారం పొద్దున్నే సైకిలెక్కి జుమ్మెరాత్ బజార్‌కు పోయి, పాత సామాన్ల గుట్టల్లో గోల్ఫ్ ఆటకు సంబంధించిన కప్పులు, షీల్డులు, మెడళ్లు వెతుక్కుని, ఆఫీసు వేళకు ఇంటికి రావడం.

ఆయన జన్మలో గోల్ఫ్ ఆడలేదు. ఆడేవాళ్లను దగ్గర్నుంచి చూడలేదు కూడా. ఎప్పుడో సైకిల్‌కు గంట కొనడానికి పోయి, గంటతో పాటు నల్లబడ్డ చిన్న కప్పు ఒకటి తెచ్చాడు. ఇంటికొచ్చి విభూతి పెట్టి రుద్దితే దాని మీద ఒక పేరు, ఒక ఊరు, ఏ పోటీలో గెలిచారో బయటపడింది. ఆ రోజు నుంచి పట్టుకుంది. ఈ ఆటే ఎందుకు అని ఎవరైనా అడిగితే, "మిగతా ఆటలల్ల జట్టు పేరు రాస్తరు. దీంట్ల మనిషి పేరు రాస్తరు" అనేవాడు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంగ్లిషు పుస్తకం చదివి ఆట నియమాలు నేర్చుకుని, గొడుగు తిరగేసి పట్టుకుని, నిమ్మకాయను బంతిగా పెట్టి, వాకిట్లో నీళ్లు పోయే గుంత వైపు కొడుతూ నాకు చెప్పేవాడు. ఒక్క దెబ్బకే బంతి గుంతలో పడ్డందుకు ఎవరికో ఇచ్చిన వెండి స్టాండు ఒకటుండేది, దాని మీద ఆ బంతే బిగించి ఉండేది. అందరికన్నా వెనకబడ్డవాడికి నవ్వులాటకు ఇచ్చిన చెక్క గరిటె ఒకటుండేది, దాని మీదా పేరుంది. బాపుకు ఆ గరిటె అంటే చాలా ఇష్టం.

ఆదివారం పొద్దున అవన్నీ వాకిట్లో చాప మీదికి వచ్చేవి. వెండివాటికి విభూతి, ఇత్తడివాటికి చింతపండు, చెక్కవాటికి కొబ్బరినూనె. కుంకుడుకాయ రసంతో తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటూ నేను మెత్తటి పాత చీరముక్కతో తుడిచేదాన్ని. అమ్మ దగ్గరికి వచ్చేది కాదు. "ఇంటినిండ ఎవలెవలియో గెలుపులు, మనది ఒక్కటి లేకపాయె" అని వంటింట్లోంచే అనేది. అయినా దసరాకు గోడలకు సున్నం వేయించినప్పుడు అద్దాల అలమారలో వాటిని మళ్లీ సర్దేది ఆమే.

వానాకాలపు కప్పు మా ఇంటికి వచ్చిన రోజు బాపు ఆఫీసుకు ఆలస్యమయ్యాడు. అంతకుముందు ఎన్నడూ అలా జరగలేదు. కప్పు చాలా పెద్దది, రెండు చెవులతో, నల్లచెక్క పీఠం మీద నిలబడి ఉండేది. పీఠం చుట్టూ వెండిరేకులు, రేకుకొక పేరు. కంటోన్మెంట్ పక్కన ఉన్న ఒక పాత క్లబ్బులో వానలు పడే కాలంలో ఆడవాళ్లకు పెట్టిన పోటీ అది. గెలిచినామె ఏడాది పాటు ఇంట్లో ఉంచుకుని, మరుసటేడు పోటీకి తిరిగి తెచ్చివ్వాలి, అప్పుడు ఇంకో పేరు చెక్కుతారు. మొదట్లో అన్నీ దొరసానుల పేర్లు. తర్వాత మనవాళ్లవి మొదలయ్యాయి. చిట్టచివరి రేకు మీద "మిస్ ఎఫ్. దుబాష్" అని ఉంది. దాని తర్వాత రేకులన్నీ ఖాళీ. "ఈమెతోటి ఆట ఆగిపోయింది చూడు. పార్శీలామె అయ్యుంటది. ఏ బొంబాయో, ఏ విలాయతో పొయ్యుంటది" అన్నాడు బాపు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, వంగి ఆ పేరు చదివింది. ఇంగ్లిషు బాగా వచ్చు ఆమెకు, పెళ్లికి ముందు టైపు నేర్చుకుంది. "ఇది ఎక్కడ దొరికింది మీకు?" అని అడిగింది. "ఖాదర్ భాయ్ ఇచ్చిండు." "ఆయనకెక్కడిది?" "నేనడగలే." అమ్మ ఆ కప్పును అలమారలో వెనక వరసలో పెట్టింది. అంత పెద్ద కప్పు వెనక ఎందుకని బాపు దాన్ని ముందుకు జరిపాడు. సాయంత్రానికి అది మళ్లీ వెనక్కు పోయింది.

కొన్నాళ్లకు పేపరు విలేకరి ఒకాయన ఎవరో చెప్పగా వచ్చి, బాపును కప్పుల మధ్య కూర్చోబెట్టి ఫోటో తీశాడు. గోల్ఫ్ ఆడని గుమాస్తా ఇంట్లో గోల్ఫ్ కప్పులు అని ఆదివారం పేపర్లో పడింది. ఫోటోలో బాపు ఒళ్లో వానాకాలపు కప్పు ఉంది. సందులో అందరూ వచ్చి చూసి పోయారు. ఇంటివాళ్లు మైసూర్ పాక్ పంపారు. బాపు ఆ రోజంతా చొక్కా విప్పలేదు, ఎవరు ఎప్పుడొస్తారో అని. మా ఇంట్లో భయం లేకుండా గడిచిన చివరి రోజులవి, తర్వాత చాలాకాలం దాకా.

మూడోరోజో నాలుగోరోజో, పొద్దున టిఫిన్ల వేళ, జీపు సందులోకి రాలేక మొగదల ఆగింది. ఇన్‌స్పెక్టర్, ఒక కానిస్టేబులు, వాళ్ల వెనక తెల్లమీసాల పెద్దాయన చేతికర్రతో నడిచి వచ్చారు. పెద్దాయన రిటైరైన కర్నల్, ఆ క్లబ్బు కమిటీలో మనిషి. లోపలికి వచ్చీ రాగానే అలమార వైపు నడిచి, వెనక వరసలో ఉన్న కప్పును చేతికర్రతో చూపించాడు. "అదే" అన్నాడు.

"విఠల్ రావు గారు, ఇది మీ ఇంటికి ఎట్ల వచ్చింది?" అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. గొంతులో కోపం లేదు. అది లేకపోవడం వల్లే నాకు ఎక్కువ భయమేసింది.

"కొన్న సార్."

"ఎవరి దగ్గర?"

బాపు నోరు తెరిచాడు. అప్పుడు అలమార అద్దంలో ఆయన ముఖం నాకు కనిపించింది. తెరిచిన నోరు అలాగే మూశాడు. "బజార్ల కొన్న" అన్నాడు.

"క్లబ్బు అద్దాల పెట్టెలో ఉండాల్సిన కప్పు ఇది. ఆఖరుసారి గెలిచినామె వాపస్ ఇచ్చిందనే మా లెక్క. ఎన్నో ఏళ్ల కిందనే పోయింది. నౌకర్లు ఎత్తుకపోయిన్రని అందరం అనుకున్నం" అన్నాడు కర్నల్. "కొన్నాయన దొంగ కాకపోవచ్చు. అమ్మినోడెవడో చెప్పమనండి."

కప్పును ఆ రోజే తీసుకుపోలేదు. ఇంట్లోనే ఉంచమని, ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి, సాయంత్రం ఠాణాకు రమ్మన్నారు. ఆ సాయంత్రం వెళ్లాడు. మర్నాడు మళ్లీ రమ్మన్నారు. అలా రోజూ ఆఫీసు నుంచి నేరుగా ఠాణాకు వెళ్లి, బెంచీ మీద కూర్చుని, పిలిచినప్పుడు లేచి, అదే మాట చెప్పి, దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చేవాడు. సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినిపించేదాకా అమ్మ కుంపటి మీద ఏమీ పెట్టేది కాదు. వచ్చాక ఎవరమూ ఏమీ అడిగేవాళ్లం కాదు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు నేను పోసేదాన్ని. ఆఫీసులో సూపరింటెండెంట్ పిలిచి, కేసు రాస్తే సస్పెన్షన్ తప్పదు, అది నా చేతిలో లేదు అని చెప్పాడట. కిరాణా కొట్టతను సామాను కట్టిస్తూ నా ముఖం చూడటం మానేశాడు. మైసూర్ పాక్ పంపిన ఇంటివాళ్లు, పెద్దకొడుకు పెళ్లి ఉంది, మీ పోర్షన్ మాకు కావాల్సి రావచ్చు అన్నారు. స్కూల్లో ఒక పిల్ల, "మీ ఇంట్ల దొంగ సామాన్లు ఉంటయంట గద" అని అడిగింది. ఏడిపించాలని కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

బాపు ఎందుకు చెప్పడం లేదో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఖాదర్ భాయ్ జుమ్మెరాత్ బజార్‌లో తడిక పరుచుకుని పాత సామాను అమ్మేవాడు. బాపు కోసం గోల్ఫ్ వస్తువులు పక్కకు తీసి గోనె కింద దాచేవాడు. అంతకు కొన్నేళ్ల ముందు ఎవరిదో దొంగసొమ్ము కొన్నాడని అతన్ని లోపల వేసి కొట్టారు. ఆ తర్వాత అతని ఎడమచెయ్యి భుజం పైకి లేచేది కాదు. సామాను చూపించడానికి కుడిచేత్తోనే అన్నీ ఎత్తేవాడు.

"ఆయన పేరు చెప్పున్రి. ఆయన ఎవరి దగ్గర కొన్నడో ఆయన చెప్పుకుంటడు" అంది అమ్మ ఒక సాయంత్రం. నేను పక్కగదిలో హోంవర్కు ముందేసుకుని ఒక్క అక్షరం రాయకుండా వింటున్నాను.

"నేను చెప్పుకుంటే బెంచి మీద కూసోబెట్టిన్రు. ఆయన చెప్పుకుంటే ఏం చేస్తరో నీకు తెల్వదా సరోజా?"

"అయితే కప్పు ఇచ్చెయ్యిన్రి. గా కర్నల్ మొఖాన పారేసి రాన్రి."

"ఇస్తే నేను దొంగనని ఒప్పుకున్నట్టే గద. ఇయ్యనని కాదు. ఇట్ల ఇయ్య."

"మరి నౌకరి పోతే ఏం చేద్దాం? ఈ కప్పులు ఉడకబెట్టుకోని తిందమా?"

బాపు లేచి వాకిట్లోకి పోయాడు. చాలాసేపటి తర్వాత అమ్మ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. అమ్మ ఏడవడం నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె ఏడ్చింది ఒక్క బాపు కోసమే కాదని కూడా తెలియదు.

శుక్రవారం పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ బాపును ఠాణాకు పిలిపించి, ఆఖరి మాటగా, "నాక్కూడ మంచిగనిపిస్తలేదు. రేపు పొద్దున కప్పు తీస్కోని రాన్రి. కర్నల్ గారు వస్తరు. పేరు చెప్తే సరి, లేకుంటే నేను కేసు రాయాలె" అన్నాడట. బాపు ఆ మాట అమ్మకు చెప్పి ఆఫీసుకు వెళ్లాడు. అమ్మ నన్ను ఆ రోజు స్కూలుకు పంపలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని, నా జడ విప్పి మళ్లీ గట్టిగా వేసి, "నడువ్, పద్మా" అంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు.

నారాయణగూడ దాకా నడిచాం. చౌరస్తా దాటి, ఒక మందుల దుకాణం పక్కన ఇరుకు మెట్లెక్కితే పైన టైపు ఇన్‌స్టిట్యూట్. మెట్ల మొదట్లోనే యంత్రాల చప్పుడు, సిరా రిబ్బన్ల వాసన. లోపల ఆడపిల్లలు వరసగా కూర్చుని కొడుతున్నారు. మూలన కుర్చీలో గౌను వేసుకున్న ముసలామె. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. చేతివేళ్లు కణుపుల దగ్గర వాచి వంకరపోయి ఉన్నాయి. నారాయణగూడలో అందరూ ఆమెను టైపు మేడమ్ అంటారు, ఇంటిపేరు ఎవరికీ పట్టలేదు. అమ్మ ఆమె దగ్గరే నేర్చుకుంది, అమ్మకు ఆమె ఫ్రేనీ టీచర్. ఆమె తల వెనక గోడ మీద ఒక పాత ఫోటో ఉంది. పొడుగాటి కర్ర పట్టుకుని, ఎండకు కళ్లు చిట్లించి నవ్వుతున్న అమ్మాయి. ఆ కర్ర ఏమిటో బాపు పుస్తకం పుణ్యమా అని నాకు వెంటనే తెలిసింది. వానాకాలపు కప్పు మీది ఆఖరి పేరు గుర్తొచ్చింది. అమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

"సరోజా, బైఠో. ఎన్ని దినాలాయె నిన్ను చూసి" అంది ఫ్రేనీ టీచర్. తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేది.

అమ్మ కూర్చోలేదు. గొంతు తగ్గించి మొత్తం చెప్పింది. పేపరు ఫోటో, కర్నల్, ఠాణా, రేపటి సంగతి. ఖాదర్ భాయ్ చెయ్యి సంగతి కూడా చెప్పింది. ఎక్కడా, మీరు అమ్మారు కదా అనలేదు. చివరికి, "ఆ కప్పు మీద ఆఖరి పేరు మీది, టీచర్. అది మీ దగ్గరికెల్లి ఎటు పోయిందో మీకేమన్న తెలుసా అని అడగనీకి వచ్చిన" అంది.

ఫ్రేనీ టీచర్ టైపు కొడుతున్న పిల్లల వైపు తల తిప్పింది. ఒక పిల్ల కాగితం చూపించడానికి వస్తే చేత్తోనే వెనక్కి పంపింది. గోడల సున్నం రాలి ఉంది, కిటికీకి అద్దం బదులు అట్ట. ఆమె కాళ్లకున్న బూట్లు ఒకప్పుడు మగవాళ్లవేమో అనిపించేలా వదులుగా ఉన్నాయి. ఇవన్నీ నేను చూస్తున్నానని ఆమెకు తెలిసినట్టుంది, కాళ్లు కుర్చీ కిందికి లాక్కుంది.

"నాకు తెల్వదు. నేను క్లబ్బుకు వాపస్ ఇచ్చేసిన" అంది.

అది అబద్ధమని నాకే తెలిసిపోయింది. అమ్మ గట్టిగా అడుగుతుందని ఎదురుచూశాను. అమ్మ తల ఊపి, "సరే టీచర్. పనిల ఉన్నప్పుడు వచ్చి పరేషాన్ చేసిన" అని, వంగి ఆమె కాళ్లకు దండం పెట్టి, నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

రోడ్డు మీద నా కోపం ఆగలేదు. "ఆమె అబద్ధం చెప్తుంది. నీకు తెలుసు. మళ్లొకసారి అడగకపోతివి."

"ఆమె కాదన్నంక నేను అవునంటనా?"

"మరి బాపు?"

అమ్మ నా చెయ్యి వదిలేసింది. "బాపు సంగతి రేపు చూద్దాం" అంది. ఇంటిదాకా నాకన్నా ముందు నడిచింది. ఆ రోజు సాయంత్రం బాపు కప్పును వాకిట్లో పెట్టుకుని ఒక్కడే విభూతితో రుద్దాడు. పీఠం మీద ఒక్కొక్క పేరునూ అంచుల దాకా తుడిచాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. అప్పుడైనా చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు. నన్నూ చెప్పొద్దంది. నోరు మూసుకుని అన్నం తిన్నాను, ఏం తిన్నానో గుర్తులేదు.

మర్నాడు అమ్మ, "మేం గూడ వస్తం" అంది. బాపు వద్దన్నా వినలేదు. కప్పును పాత దుప్పటిలో చుట్టి, సైకిల్ వెనక కట్టి, ఆయన నడిపిస్తుంటే మేం పక్కన నడిచాం. ఠాణాలో కర్నల్ అప్పటికే కుర్చీలో ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ బల్ల మీద బాపు దుప్పటి విప్పాడు. అంత బాగా మెరిసిన కప్పును నేను మళ్లీ చూడలేదు.

"చెప్పున్రి, విఠల్ రావు గారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

బాపు నిలబడే ఉన్నాడు. "కొన్న సార్. దొంగసొమ్మని తెలిస్తే కొనకపోదును. అమ్మినాయన పేరు చెప్ప."

"ఆలోచించుకోన్రి. మీ బిడ్డ ముందట చెప్తున్న."

"ఆలోచించుకున్న సార్."

ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చి కలం తీశాడు. అమ్మ చెయ్యి నా భుజం మీద ఉంది, గోళ్లు గుచ్చుకుంటున్నాయి. అప్పుడు బయట రిక్షా ఆగింది. దిగిన మనిషికి మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. ఫ్రేనీ టీచర్ లోపలికి వచ్చి, ముందు కప్పును చూసింది, తర్వాత కర్నల్‌ను. కర్నల్ కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఫ్రేనీ" అన్నాడు.

"నేనే. ఆఖరిసారి గెలిచింది నేను" అంది ఆమె, ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి. "మరుసటేడు పోటీ పెట్టలేదు. దాని తర్వాత కూడ పెట్టలేదు. తెమ్మని ఎవరూ అడగలేదు. చానా ఏండ్లు నా ఇంట్ల ఉండె. ఒకసారి ఇంట్ల ఏం లేకుండె. అమ్మేసిన."

"ఎవరికమ్మిన్రు మేడమ్?"

"వీధిల కేకేసుకుంట పోయేటాయనకు. పేరు నేనడగలేదు." ఆమె అమ్మ వైపు చూడలేదు. ఖాదర్ భాయ్ సంగతి అమ్మ చెప్పగా వింది కాబట్టే అలా అందని నాకు తర్వాత అర్థమైంది.

కర్నల్ ముఖం ఎర్రబడింది. "అది నీది కాదు ఫ్రేనీ. అమ్మే హక్కు నీకు లేదు. దాని మీద మా ఆవిడ పేరున్నది."

"లేదు" అంది ఫ్రేనీ టీచర్. వంకరపోయిన వేలితో పీఠం తిప్పి ఒక రేకు దగ్గర ఆపింది. "అప్పుడు మీరు కెప్టెన్. మిసెస్ కెప్టెన్ అని మీ పేరే ఉన్నది. ఆడింది కమల. ఆ దినం వానల నేను ఆమెతోనే నడిచిన. కమల పేరు దీని మీద ఎక్కడ లేదు. అమ్మింది నేను, హక్కు లేదు, నిజం. నా మీద రాసుకోమనండి."

ఇన్‌స్పెక్టర్ కర్నల్ వైపు చూశాడు. కర్నల్ ఆ రేకు మీద బొటనవేలు పెట్టి అలాగే కొంతసేపు నిలబడి, "ఎవరి మీదా ఏం వద్దు" అన్నాడు. భార్య పోయి ఎంతో కాలం కాలేదని, పేపర్లో ఆ కప్పు చూసినప్పటి నుంచి ఆయన సరిగా తినడం లేదని ఆయన వెంట వచ్చిన డ్రైవరు బయట అమ్మతో చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్ కప్పును బాపు వైపు తోశాడు, ఇంక తీసుకుపోండి అన్నట్టు. బాపు దాన్ని రెండు చేతులతో ఎత్తి కర్నల్ ముందు పెట్టాడు. "ఇప్పుడు తీస్కోన్రి. ఇప్పుడు ఇస్తున్న" అన్నాడు. అంతసేపూ రాని కన్నీళ్లు ఆయనకు అప్పుడు వచ్చాయి. ముందు దుప్పటి మడిచి, తర్వాత చేతిరుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు బాపు సైకిల్ నడిపిస్తూ, "నీకు ముందు నుంచి తెలుసా?" అని అమ్మను అడిగాడు.

"పేరు చదివిన్నాడే తెలిసింది."

"నాకెందుకు చెప్పలే?"

"టైపు మేడమ్ కప్పు అమ్ముకున్నదని ఎట్ల చెప్త? మీరు ఖాదర్ భాయ్ పేరెందుకు చెప్పలే?"

బాపు ఆ తర్వాత కూడా గురువారాలు బజారుకు పోయాడు. కానీ చివరి పేరు గల మనిషి బతికి ఉండొచ్చు అనిపించిన వస్తువును మళ్లీ కొనలేదు. పేపరువాళ్లు వస్తే ఇంట్లో లేనని చెప్పించేవాడు. ఆ పోర్షన్ మాత్రం ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇంటివాళ్లకు సంగతి తెలిసినా, ఒకసారి అన్న మాట వాళ్లకు వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. బర్కత్‌పురలో చిన్న ఇంటికి మారాం, అక్కడ అలమార గోడకు పట్టక గది మధ్యలో అడ్డంగా ఉండేది.

ఇప్పుడు అశోక్ నగర్‌లో పొద్దున నడకకు దిగితే, టీ బండి దగ్గర పిల్లలు తమ పేరు లిస్టులో ఉందో లేదో ఫోన్లలో వెతుక్కుంటుంటారు. అన్నీ వెంటనే తేలిపోవాలి. మేమూ అంతే. మా అమ్మాయి ఫోన్ ఎత్తకపోతే నేను మళ్లీ చేస్తాను, మెసేజీ పెడతాను, దాని స్నేహితురాలికి చేస్తాను. ఎవరైనా నాతో కాదంటే ఎందుకని అడుగుతాను, తప్పించుకుంటే పట్టుకుని అడుగుతాను. నిజం రాబట్టడం నాకు మంచిపని అనిపిస్తుంది, ఈ వయసులోనూ. ఆ రోజు నారాయణగూడ మెట్ల మీద అమ్మ చేసింది చేతకానితనమని చాలా ఏళ్లు నమ్మాను. టీచర్ రాకపోయి ఉంటే బాపు నౌకరి పోయేది, ఆ మాట ఇప్పటికీ కాదనలేను.

ఫ్రేనీ టీచర్ ఆఖరి రోజుల్లో అమ్మ వారానికోసారి ఆమెకు పప్పుచారు, మెత్తటి అన్నం పట్టుకెళ్లేది. నేను డిగ్రీలో ఉన్నాను. ఒకసారి అమ్మ కింద మందులు తేవడానికి పోయినప్పుడు, గదిలో మేమిద్దరమే ఉన్నాం. అడగకూడదని తెలిసీ అడిగాను. "టీచర్, అమ్మ వచ్చిన్నాడు కాదన్నరు గద. మళ్ల తెల్లారి ఎందుకొచ్చిన్రు?"

ఆమె నీళ్లు అడిగి, రెండు గుక్కలు తాగి, గ్లాసు నాకిచ్చింది. "మీ అమ్మ ఇంకొకసారి అడిగి ఉంటే రాకపోదును" అంది. "కాదంటే సరే టీచర్ అని దండం పెట్టి పోయింది. నాకు నిద్ర పట్టలేదు."

ఆ మాట అమ్మకు చెప్పాలనుకున్నాను. ఆమె మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చి, మందు మూత విప్పి, చెంచాడు మందు టీచర్ నోటికి అందించింది. టీచర్ మింగి కళ్లు మూసుకుంది. అమ్మ ఆమె గడ్డం మీద కారింది తుడిచి, దుప్పటి పాదాల మీదికి లాగి, నన్ను ఇక పోదామని సైగ చేసింది.